గోడ మీది బస్సు లిస్టు

ల్యాబ్ మేడం భయస్తురాలు. ఆ మాట ఆవిడే చెప్పుకునేది, అదేదో డిగ్రీ అయినట్టు. తాళం వేసిన తలుపుని మూడుసార్లు లాగి చూస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు సొంత మొగుడు పక్కనున్నా చెయ్యి అడ్డం పెడుతుంది. నేనేమైనా దొంగనా అని ఆయన ఉడుక్కుంటే, దొంగలు మాత్రం ఎవరికో ఒకరికి మొగుళ్ళు కారా అనేది. పద్నాలుగేళ్ళుగా ఆ బడిలో పిల్లలకి కంప్యూటర్ నేర్పింది. దాని ముందు కూర్చున్నప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం ఎలాగో కూడా నేర్పింది.

నీతులు చెబితే పిల్లలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని ఆవిడకి తెలుసు. అందుకే ఏదో ఒక ఫొటో తెర మీద వేసి, "మీరంతా దొంగలు. ఇందులో మీకేం దొరికింది?" అని అడిగేది. ఇంక పిల్లలు ఎగబడేవాళ్ళు. చొక్కా మీద బ్యాడ్జీ, కిటికీలోంచి కనపడే కొట్టు బోర్డు, బండి నంబరు, అన్నీ లాగేసేవాళ్ళు. ఆ ఆటకి ఫొటో చదవడం అని పేరు.

ఆ ఏడు వచ్చిన చిక్కేమిటంటే, పాత ఫొటోల జవాబులన్నీ అక్కలూ అన్నలూ చిన్నవాళ్ళకి ముందే చెప్పేశారు. ఇంక లాభం లేదని, ఒకరోజు ఆఖరి పీరియడ్‌లో, నెట్‌లో ఉన్న బడి పేజీలో వారం కిందట తనే పెట్టిన ఫొటో తీసి తెర మీద వేసింది. క్విజ్‌లో గెలిచిన నలుగురు పిల్లలు, వాళ్ళ వెనకాల గోడ, అంతే. పెట్టేముందు పదిసార్లు చూసుకుంది, ఒక్కరి పేరూ రాయలేదు. ఇందులో ఎవరేం పట్టుకుంటారో చూద్దామని ఆవిడకి కాస్త గర్వం కూడాను. గురివింద గింజకి తన కింద నలుపు తెలీదని ఊరికే అన్నారా మన పెద్దవాళ్ళు!

ముందు బెంచీ పిల్ల లేచి, వెనకాల గోడ పెద్దది చెయ్యమంది. చేసింది. ఇంకొంచెం అంది. చేసింది. గోడకి అంటించిన కాగితం ఒకటి తెరంతా పరుచుకుంది. ఏడో నంబరు బస్సులో వెళ్ళే పిల్లల లిస్టు. పేరు, తరగతి, దిగే చోటు. క్లాసంతా సంబరపడిపోయి గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేరు దగ్గరకొచ్చేసరికి మేడం చెయ్యెత్తి ఆపమంది.

అది ముంగి అసలు పేరు. నోట్లోంచి మాట రాదని పిల్లలు ఆ అమ్మాయికి పెట్టిన పేరు ముంగి. రెండేళ్ళ కిందట, బట్టలు కుట్టుకు బతికే వాళ్ళమ్మ దాన్ని చేర్పించడానికొచ్చి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పెద్దమేడంకీ ఈవిడకీ మాత్రమే సంగతి చెప్పింది. దీని తండ్రి మాకోసం వెతుకుతున్నాడు, ఒక్కో బడి ఫొటోలూ తిరగేస్తున్నాడట, ఈసారి దొరికితే పిల్లని ఎత్తుకుపోతానన్నాడు, మూడో కంటికి తెలియనివ్వకండి అని బతిమాలుకుంది. అప్పట్నుంచీ ముంగి ఏ ఫొటోలోనూ లేదు. ఎవరు కెమెరా ఎత్తినా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు వెనక బెంచీలోంచి తెర మీద తన పేరు చూస్తూ కొయ్యబారిపోయింది.

ఫొటో తీసేద్దామని మేడం చెయ్యి పోనిచ్చింది. అప్పుడు కనపడింది కింద ఎవరో రాసిన మాట. పేరు పక్కన మొహం ఫొటో కూడా పెట్టుకోని మనిషి. "మా పాపదీ ఏడో నంబరు బస్సే. సాయంత్రం ఎన్నింటికి బయల్దేరుతుందండీ?" దాని కింద నిన్నటి జవాబు, "మూడున్నరకండి." పక్కన ఒక నవ్వు మొహం. ఆ జవాబు రాసింది తనే. తల్లిదండ్రులెవరు ఏమడిగినా వెంటనే చెప్పాలని పెద్దమేడం ఆర్డరు, మర్యాదలో ఈవిడ ఎవరికీ తీసిపోదు మరి.

గోడ గడియారంలో మూడూ ఇరవై. మేడంకి పైప్రాణాలు పైనే పోయాయి. ఫొటో తీసేసింది గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

బెల్లు మోగగానే పిల్లల్ని పంపేసి, ముంగిని చెయ్యి పట్టుకుని ఆపి, తలుపు గడియ పెట్టింది. పెద్దమేడంకి ఫోన్ చేసి పోలీసుల్ని పిలవమంది. వాళ్ళమ్మకి చేసి వెనక గేటు దగ్గరికి రమ్మంది. ఇన్నేళ్ళూ పిల్లలకి భయం గురించి పాఠాలు చెప్పింది గానీ, అసలు భయమేమిటో ఆవిడకి ఆ రోజే తెలిసింది.

కిటికీ తెర సందులోంచి చూస్తే ఏడో నంబరు బస్సు పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చాక్లెట్ల డబ్బా. డ్రైవరుతో నవ్వుతూ కబుర్లాడుతూనే, ఎక్కే ఆడపిల్లల మొహాలు ఒక్కొక్కటే వంగి చూస్తున్నాడు. ఎవరి తండ్రో అయ్యుంటాడులే అని సర్దిచెప్పుకోబోయింది, మనసొప్పలేదు.

"మా నాన్నే," అంది ముంగి, మేడం పక్కనుంచి తొంగి చూసి.

ఇద్దరూ కంప్యూటర్ బల్ల కిందికి దూరి, వైర్ల మధ్య ముడుచుకు కూర్చున్నారు. బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి వరండాలో అడుగుల చప్పుడు. దగ్గరికొచ్చింది. తలుపు ఎవరో తోశారు. మేడం పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది గానీ ఆ అవసరమే లేకపోయింది. ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఆ పిల్లకి బాగా అలవాటే.

"నేనమ్మా, తలుపు తియ్యి," అన్నాడు వాచ్‌మన్ బాబాయ్. పోలీసులొచ్చారట, వాళ్ళమ్మ కూడా వెనక గేటు దగ్గరికి వచ్చిందట. వాళ్ళ బండి మలుపు తిరగడం చూసే ఆ మనిషి జారుకున్నాడట. దొరకలేదు. అంటే మళ్ళీ వస్తాడు.

"నేనెక్కడా నా పేరు పెట్టలేదు మేడం," అంది ముంగి బల్ల కిందనుంచే. "మీరు చెప్పినట్టే ఉన్నాను."

"నువ్వు పెట్టలేదు తల్లీ. నేనే పెట్టాను," అని మేడం భోరుమంది.

మూడో రోజున వాళ్ళమ్మ టీసీ తీసుకోవడానికొచ్చింది. మళ్ళీ కొత్త ఊరు, మళ్ళీ అద్దె ఇల్లు, మళ్ళీ కుట్టుపని వెతుక్కోవడం. ఆ తల్లి తనని నాలుగు తిట్టినా బాగుండునని మేడం ప్రాణం కొట్టుకుంది. వెనక గేటు దాకా వాళ్ళతో నడిచి, పిల్ల తల నిమిరి, ఉండబట్టలేక, ప్రేమ కొద్దీ అడిగేసింది.

"ఏ ఊరు వెళ్తున్నారమ్మా?"

ముంగి ఒకసారి వాళ్ళమ్మ వైపు చూసింది, ఒకసారి మేడం వైపు చూసింది.

"ఎవరడిగినా చెప్పొద్దని మీరే కదా చెప్పారు మేడం," అంది.