చంద్రుడి మీద ఎనిమిది గంటల పని

ఫ్యాక్టరీ యజమానికి మా మావయ్య ఏ కోరికల జాబితా ఇచ్చినా, చివరి కోరిక చంద్రుడి గురించే ఉండేది. "చంద్రుడి మీద పనిచేసే కార్మికులకు ఎనిమిది గంటల పని, రాకెట్‌లో కిటికీ పక్క సీటు." అప్పటికి మా ఎరుకలో గాలిపటాన్ని మించి పైకి వెళ్ళింది లేదు.

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో యూనియన్ కార్యదర్శి ఆయనే. మరుగుదొడ్డికి తలుపు పెట్టించమని వెళ్ళినా చంద్రుడు వెంట వెళ్ళాల్సిందే. టీ వేళ చేతికందిన కప్పు బోర్లించి "ఇదీ భూమి" అని మొదలుపెట్టేవాడు. అందులో ఇంకా టీ ఉందా, అది ఎవరిది అని చూసుకునే అలవాటు లేదు.

"పరువు పోతోంది మావయ్యా. చంద్రుడి మీద గాలి కూడా ఉండదట," అన్నాను ఓసారి.

"మన గోడౌన్‌లో ఉందా?" అన్నాడు.

ఆ ఏడాది కోత మిషన్ ఒకామె వేలి కొస తెంపేసింది. ఆమె చోట మా ఆవిడని నిలబెట్టారు. కత్తికి అడ్డంగా జాలీ బిగించమని పని ఆపేశాం. పద్దెనిమిది రోజులైనా యజమాని ససేమిరా అన్నాడు.

చర్చలకి జాబితా రాసింది నేనే. "ఈ ఒక్కసారికి చంద్రుణ్ణి వదిలెయ్ మావయ్యా, మా ఆవిడ చేతులతో చెలగాటమా?" అని బతిమాలాను. వినలేదు సరికదా, రాకెట్ కిటికీకి కర్టెన్ కూడా చేర్పించాడు.

జాబితా చదువుతూ యజమాని జాలీ దగ్గర మొహం మాడ్చాడు. చివరికొచ్చేసరికి ఎర్ర పెన్సిల్ తీశాడు. "ఇది మాత్రం చచ్చినా ఒప్పుకోను," అని చంద్రుణ్ణి అడ్డంగా కొట్టేశాడు.

మావయ్య అరగంట పోట్లాడాడు. బల్ల గుద్దాడు. ఆఖరికి నిట్టూర్చి, "సరే, మీ మాటే నెగ్గింది. మిగతావైనా చూడండి," అన్నాడు. యజమాని మీసం దువ్వుకుని మిగతా వాటన్నిటి కింద సంతకం పెట్టేశాడు.

బయటికొచ్చాక, "ముందే చెబితే నీ సొమ్మేం పోయింది?" అని మీద పడ్డాను.

"మన యజమాని పట్టుదల మనిషి రా అల్లుడూ. ఇంటికెళ్ళి చెప్పుకోడానికి ఆయనకీ ఒక గెలుపు ఉండొద్దా?"

సోమవారం జాలీ బిగించారు. సాయంత్రం మా ఆవిడ వచ్చి పది వేళ్ళూ నా ముందు చాపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్ళి, "చంద్రుడి ఎత్తు భలే పారింది మావయ్యా," అన్నాను.

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "ఎత్తేమిటి? నేను నిజంగానే అడిగాను. కానీ అది తేలేదాకా అమ్మాయి వేళ్ళు ఆగవు కదరా. చంద్రుడెక్కడికి పోతాడు?" అన్నాడు.