ఐదు మెట్లు, ఒక కొత్త మొహం

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి మా డబ్లిన్ లైబ్రరీలో వీధి ఫోటోగ్రఫీ క్లాసులో చేరి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో నేను తీసినవన్నీ వీపులే. కాఫీ లైన్లో నిలబడ్డ వీపులు, బస్సు కోసం పరిగెత్తే వీపులు, కుక్కను నడిపిస్తున్న ఒక వీపు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు కెమెరా ఎత్తాలంటే నాకు చెయ్యి రాదు. "నీ ఫోటోలు చూస్తుంటే ఊరంతా నీ మీద అలిగి అటు తిరిగినట్టుంది," అన్నారు మావారు. క్లాసు చెప్పే ఆవిడ అదే మాట కాస్త మర్యాదగా చెప్పింది. శనివారం రాత్రి ఎనిమిదిలోగా ఒక అపరిచితుడి మొహం ఫోటో తీసి పంపితేనే లైబ్రరీ గోడ మీద నాకు చోటట. యాభైకి దగ్గరపడ్డ దాన్ని, ఆ గోడ కోసం చిన్నపిల్లలా పట్టుబట్టాను.

అప్పుడు నిఖిత ఆదుకుంది. మా వీధిలో ఉండే పద్మగారి అమ్మాయి, కాలేజీ రెండో సంవత్సరం, స్కేట్‌బోర్డంటే పిచ్చి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఏవో ఐదు మెట్ల మీంచి బోర్డుతో దూకబోతోందట. "నా ఫ్రెండ్స్ వస్తారు ఆంటీ. వాళ్లకి కెమెరా అంటే ఇష్టం, ఎన్ని మొహాలు కావాలంటే అన్ని తీసుకోండి. నాది కూడా ఒకటి తీయండి," అంది.

శనివారం పొద్దున పది దాటిన పన్నెండు నిమిషాలకు డబ్లిన్‌లో రైలెక్కాం. క్రెడిట్ కార్డు గేటుకు తాకిస్తే చాలు, టికెట్ మెషీన్ దగ్గర నిలబడక్కర్లేదు. బోర్డు పట్టాలంటే బోగీ తలుపు పక్క సీట్లు చూసుకోండి. నేను చేగోడీల డబ్బా తెరిచాను. నిఖిత బోర్డు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఊళ్లను చూస్తూ కూర్చుంది.

"మనిద్దరం సేమ్ ఆంటీ," అంది ఉన్నట్టుండి. "మెట్లు చూస్తే అందరూ ఎక్కి వెళ్లిపోతారు. మనం ఆగి చూస్తాం. తర్వాత సెక్యూరిటీ వచ్చి పొమ్మంటాడు."

"నన్నెవరూ పొమ్మనలేదే," అన్నాను.

"వీపులు తీస్తే ఎవరు అంటారు?"

పిల్లకు తల్లి నోరే వచ్చింది. ఈలోగా రైలు సముద్రం కింది సొరంగంలోకి దిగి చెవులు మూసేసింది కాబట్టి నా జవాబు ఎవరికీ వినపడలేదు.

పదకొండు పదికి దిగి, రెండు వీధులు నడిచి, ఒక పెద్ద ఆఫీసు భవనం ముందుకు చేరాం. శనివారం కావడంతో పిట్టా పురుగూ లేవు. నిఖిత స్నేహితులు కూడా లేరు. ఇంకా నిద్రే లేవలేదట, మెసేజ్ పెట్టారు. నా ప్రాణం ఉసూరుమంది. ఒక్క మొహం కోసం ఇంత దూరం వస్తే మెట్లు తప్ప ఏమీ లేవు!

నిఖిత మాత్రం మొదలుపెట్టింది. దూరం నుంచి బోర్డు మీద వచ్చి, గాల్లోకి లేచి, మెట్లన్నీ దాటి, దభీమని పడింది. నేను "అమ్మో!" అన్నాను. లేచింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పడింది. పన్నెండోసారి మాత్రం నా కెమెరాకు అద్భుతంగా చిక్కింది. చేతులు చాచి, కాళ్ల కింద బోర్డు తిరుగుతూ, జుట్టంతా ఆకాశంలో ఉంది. ఆనందంతో గెంతినంత పనిచేసి తెరలో చూపించాను.

"వావ్. కానీ డిలీట్ చేయండి ఆంటీ. నేను ల్యాండ్ చెయ్యలేదు కదా. అది కౌంట్ అవదు."

"పడ్డట్టు ఇందులో ఎక్కడుందే?"

"నాకు తెలుసు కదా."

ఈ స్కేటర్లలో అదే కట్టుబాటట. బోర్డు మీద నిలబడి దిగలేని గెంతుకు ఫోటో ఉంచుకోవడం అబద్ధమాడినట్టే. చేసేదేంలేక తీసేశాను.

పదమూడోసారికి ఆమె పరుగందుకుంటుండగా నాకు తుమ్మొచ్చింది. ఒంటి తుమ్ము! "ఆగు! ఆగవే తల్లీ!" అని కేకేసి, అడ్డం పరిగెత్తి, చెయ్యి పట్టి కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించాను. పడి కాలు విరిగితే పద్మగారికి ఏం చెప్పను?

ఆ కేకకు భవనంలోంచి గార్డు బయటికొచ్చాడు. తలుపంత మనిషి, నెరిసిన గడ్డం. "ఇక్కడ స్కేటింగ్ కుదరదు," అన్నాడు.

"స్కేటింగ్ ఆపేశామండీ, నేను తుమ్మాను," అని ఉన్నమాట చెప్పాను.

"బ్లెస్ యూ," అనేసి, తర్వాత ఇదేమిటన్నట్టు చూశాడు. ఒంటి తుమ్ము సంగతంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "ఎంతసేపు ఆగాలి?" అని అడిగాడు. రెండు నిమిషాలన్నాను. వాచీ చూసుకున్నాడు. వాళ్ల అమ్మమ్మ ఉప్పు ఒలికితే కీడు పోవాలని చిటికెడు భుజం మీంచి వెనక్కి విసిరేదట. ఆ రెండు నిమిషాలూ ముగ్గురం మెట్ల మీద కూర్చుని కరకరమని చేగోడీలు తిన్నాం.

"లోపల సీసీ కెమెరా తెరలో పన్నెండుసార్లూ చూశాను," అన్నాడు లేస్తూ, నిఖితతో. "ఇంకొక్కటి. తర్వాత వెళ్లిపోవాలి."

నిఖిత వచ్చింది. చివరి క్షణంలో చూడలేక మొహం పక్కకు తిప్పేసుకున్నాను. మొహంతోపాటు కెమెరా కూడా తిరిగింది, వేలు నొక్కింది. దిగిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత పడ్డ చప్పుడు రాలేదు.

"ఆంటీ! తీశారా?"

తెరలో నిఖిత లేదు. గార్డు ఉన్నాడు. నోరు తెరిచి, రెండు చేతులూ పైకెత్తి, ఒక చేతిలో చేగోడీతో, పసిపిల్లాడిలా వెలిగిపోతున్నాడు. నా జీవితంలో మొదటి అపరిచిత మొహం!

ఆయన తొంగి చూసి కంగారుపడ్డాడు. "ఇది బయటికెళ్తే నా ఉద్యోగం పోతుందమ్మా. ఆపాల్సినవాణ్ని, చేతులెత్తి సంబరపడ్డాను." బతిమాలే మొహం చూసి, నా చేతులతో నేనే చెరిపేశాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. నిఖిత ఫోటో కూడా నా వల్లే పోయింది. ఆ పిల్ల మాత్రం, "ఆయన చూశాడు ఆంటీ, చాలు," అంది.

మధ్యాహ్నం రెండింటికి ఒక బరిటో కొని చెరిసగం తిన్నాం. నాలుగు దాటిన ఐదు నిమిషాలకు తిరుగు రైలెక్కాం. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"ఇవాళ ఎంతమందిని ఫోటో అడిగారు ఆంటీ?"

"ఎవర్నీ అడగలేదు. ఎలా అడుగుతానే, మొహమాటం!"

"మరి మీరు ఒక్కసారి కూడా పడలేదు కదా."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. పిల్ల ముందు అనలేక లేచి నిలబడ్డాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. వచ్చి కూర్చున్నాను. నిఖిత ఒక వేలు చూపించింది. సూటులో ఉన్న పెద్దాయన "సారీ" అన్నాడు. రెండో వేలు. పుస్తకం చదువుతున్న అమ్మాయి ఎందుకు, ఏమిటి అని అంతా అడిగి, ఆలోచించి, వద్దంది. మూడో వేలు. మా ఊరు దగ్గరపడ్డాక, ఒళ్లో టమాటా మొక్కల తొట్టె పెట్టుకున్న ఒకావిడ దగ్గరికి వెళ్లాను.

"నన్నా? ఇవాళ తల కూడా దువ్వుకోలేదే!"

"నేనూ దువ్వుకోలేదండీ," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. ఈసారి నేను మొహం తిప్పుకోలేదు.

వెనక నుంచి టక్ టక్ టక్‌మని శబ్దం. నిఖిత బోర్డు కొసను బోగీ నేలకేసి కొడుతోంది. స్కేటర్లలో చప్పట్లంటే అవేనట. సూటాయన ఉలిక్కిపడ్డాడు.

రైలు కుదుపుకు ఫోటో కాస్త చెదిరింది. ఇంటికొచ్చి ఏడూ నలభైకి పంపించాను. గోడ మీద పెడతారో లేదో సోమవారం తెలుస్తుంది. నలుగురిని అడిగితే ముగ్గురు వద్దన్నారు, నాకేమీ కాలేదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను రెండుసార్లు సముద్రం కింద నుంచి వెళ్లాల్సి వచ్చింది.