పెద్దసారు హెల్మెట్

ఆ రోజుల్లో నాకు చచ్చినవాడి వస్తువు తీసుకోవాలన్నా అనుమతి కావాలి. భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం పర్మినెంట్ చేయడం మా మేనేజరు పెద్దసారు చేతిలో ఉంది. ఆయనకు భోజనాల వేళ ఫోనులో తుపాకుల ఆట ఆడటమంటే ప్రాణం. (నాకూ ప్రాణమేనని ఇంటర్వ్యూలోనే చెప్పేశాను. అప్పటికి ఆ ఆట పేరు మాత్రమే తెలుసు.) అందులో చచ్చిపోతే ఒంటిమీదున్నదంతా అక్కడే ఒక పెట్టెలో ఉండిపోతుంది, ఎవరు ముందొస్తే వాళ్ళది. పోయినవాడికి మిగిలేది బతికున్నవాళ్ళ ఆట చూసే భాగ్యం ఒక్కటే.

ఒక శుక్రవారం గోడౌను వాళ్ళతో పందెం పడింది. ఓడిన జట్టు ఆదివారం వచ్చి గోడౌను కడగాలి. పెద్దసారు గోడ దూకుతూ చచ్చిపోయారు. మా జట్టులో నేనొక్కణ్ణే మిగిలాను, అదీ బోడి నెత్తితో. ఎదురుగా ఆయన పెట్టె, అందులో ఆయన ముచ్చటపడి సంపాదించుకున్న హెల్మెట్. ఆయనేమో కుర్చీ జరుపుకుని నా ఫోనులోకే చూస్తున్నారు. పక్కన కూర్చున్న మనిషి శవాన్ని దోచుకోవడానికి నాకు చేతులు రాలేదు.

"సార్, మీ హెల్మెట్ తీసుకోమంటారాండి?"

"తీసుకోవయ్యా."

"మీరన్నారు కాబట్టి తీసుకుంటున్నానండి. మరి తుపాకీ కూడా..."

ఆ మాట పూర్తయ్యేలోపు గోడౌను వాళ్ళు నన్ను కాల్చేశారు. ఆదివారం పొద్దున్నే చీపురు పట్టుకుని, ఉద్యోగం ఊడినట్టేనని బెంగపడుతూ వెళ్ళాను. పెద్దసారు ప్యాంటు మడిచి పైపుతో నీళ్ళు కొడుతూ, "రైతుల దగ్గర ఇంత మర్యాదగా మాట్లాడేవాడు నాకు కావాలయ్యా. ఆటలో మాత్రం మానెయ్" అన్నారు. ఆ నెలే పర్మినెంట్ చేశారు. నాలుగేళ్ళకు నిడదవోలు బదిలీ అయి వెళ్తూ తన కుర్చీ చూపించి, "దీన్నైనా అడక్కుండా తీసుకో" అన్నారు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. మొన్న ఆటలో నేనలా చచ్చానో లేదో, కొత్తగా చేరిన అమ్మాయి నా పెట్టె ఖాళీ చేసేసి, గెలిచి, "మీవన్నీ భలే పనికొచ్చాయండి" అంది. కాస్త నొచ్చుకున్నాను, కాస్త అసూయపడ్డాను కూడా. వెంటనే నిడదవోలుకు ఫోను చేసి పెద్దసార్ని ఆటకు పిలిచాను, ఈసారి ఆయన పెట్టె నా సొంతమే అన్న ధీమాతో. రెండు నిమిషాల్లోనే ఆయన చచ్చిపోయారు. నేను పరుగున పెట్టె దగ్గరికి వెళ్ళి, నిలబడి, గొంతు సవరించుకుని, "సార్, తీసుకోమంటారాండి?" అన్నాను.