కొసరుగా వచ్చిన ఎస్ఎంపీఎస్

ప్రొద్దుటూరులో గ్రాఫిక్స్ కార్డు కొని, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బాను దాని మీద కొసరుగా కొట్టుకొచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. వంకాయలు కొని కరివేపాకు అడిగినట్టు అడిగాను. ఇచ్చాడు. సాయంత్రానికల్లా ఆ సంగతి మా వీధిలో పదిమందికైనా చెప్పుకున్నాను.

మాది బట్టల కొట్టు. ‘ఈ చీర కట్టుకున్న రాత్రే పీడకల వచ్చింది’ అంటూ మడత నలిగిన చీరను వెనక్కి తెచ్చేవాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి. దయ్యాల మీద నాకు అనుమానమే తప్ప భయం ఎప్పుడూ లేదు. ఇప్పటికీ లేదు. అయినా ఆ రోజు చూసింది చూసినట్టు రాయాలి.

కొట్టు పైన చిన్న గదిలో నేను వీడియో మిక్సింగ్ పెట్టాను. ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాళ్ళు పొద్దున, రెండో పార్టీవాళ్ళు మధ్యాహ్నం వచ్చి ప్రచారం సీడీలు చేయించుకునేవాళ్ళు. వాళ్ళు మెట్ల మీద ఎదురుపడకుండా చూసుకోవడమే నా అసలు పని. నా కంప్యూటర్ మాత్రం రెండు ఎఫెక్టులు వేస్తే చాలు, మూలిగేది. అందుకే కొత్త కార్డు.

అమ్మింది ఖాదర్ బాషా. మంచివాడు, ముందే అడిగాడు.

“క్యాబినెట్టు లోపల కొలిచినావా శెట్టీ? ఇది శానా పొడుగు.”

“కొలిచినాలే” అన్నాను. కొలవలేదు. తానులోంచి రెండున్నర మీటర్లు కంటితో చూసి చెప్పగలవాడికి టేపు పట్టడం నామోషీ. కార్డు ధరలో పదమూడు వందలు తగ్గించాను. అది చాలక, ఈ కార్డు ఎక్కువ కరెంటు తాగుతుందని అతనే చెప్పాడు కాబట్టి, ఎస్ఎంపీఎస్ కూడా కొసరు వెయ్యమన్నాను.

“కొసరు అడిగితే కొసరు సరుకే వస్తాది. కంపెనీది కావాలంటే దుడ్లు పెట్టు. దీన్ని చేత్తో పట్టుకోని చూడప్పా, అప్పడం ఉన్నట్టుంది.”

“ఐదు వందల వాట్లని రాసుంది గదా?”

“స్టిక్కరుదేముంది? ఎమ్మెల్యే అని రాయించుకోని నేను గూడా చొక్కాకు అతికించుకుంటా.”

నవ్వి, డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే కార్డు రెండు వేళ్ళ పొడవు ఎక్కువైంది. హార్డ్‌డిస్కు ఉండే అర అడ్డం వచ్చింది. వెనక్కివ్వడానికి మొహం చెల్లలేదు. ఆ అర ఊడబీకి, హార్డ్‌డిస్కును క్యాబినెట్ అడుగున మడతపెట్టిన జాకెట్టు గుడ్డ మీద పడుకోబెట్టాను. వైర్లు అడ్డమొచ్చి పక్క తలుపు మూతపడలేదు. గాలాడుతుందిలే అనుకున్నాను.

ఆ హార్డ్‌డిస్కులో ఏముందో ఇప్పుడు చెప్పాలి.

రూతమ్మ టీచర్‌ది సింహాద్రిపురం దగ్గర పల్లె. అప్పటికి పద్నాలుగేళ్ళ క్రితం ఎన్నికల్లో ఆమె భర్త ఒక పార్టీ తరఫున బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఓట్ల లెక్కింపు కాకముందే ఆయన్ను చంపేశారు. చంటిబిడ్డతో ఆమె ప్రొద్దుటూరు చేరి బడిలో పంతులమ్మ అయింది. ఇంట్లో ఆయన ఫొటోలు రెండున్నాయి. కూతురు గ్రేసు మాత్రం “మా నాయన ఎట్ల నడుస్తాండె?” అని అడిగేదట. దానికి ఫొటో ఏం చెబుతుంది?

జమ్మలమడుగులో బంధువుల పెళ్ళి క్యాసెట్టు ఒకటి దొరికితే టీచర్ నా దగ్గరికి తెచ్చింది. అందులో ఆయన భోజనాల బంతిలో వడ్డిస్తూ నాలుగు నిమిషాలు కనిపిస్తాడు. కదిలే బొమ్మగా ఆయన మిగిలింది అంతే. క్యాసెట్టు నిండా బూజు. తుడిచి, ఒక్కసారి తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆయన ఉన్న భాగం దాటాక టేపు పుటుక్కున తెగి, వీసీఆర్‌లో నలిగిపోయింది. ఇక ఉన్నది ఆ హార్డ్‌డిస్కులోనే. ఇరవై రూపాయల డిస్కులో ఇంకో కాపీ వేసి పెట్టొచ్చు. మిక్సింగ్ అయ్యాక ఒకేసారి వేస్తే ఒక డిస్కు మిగులుతుందని ఆగాను. నా తెలివి అలాంటిది.

మరుసటి రోజు పదకొండింటికి టీచర్ వచ్చింది. కొత్త కార్డు గొప్ప చూపిద్దామని ఆ నాలుగు నిమిషాలు పెట్టాను. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పట్టపగలు. కింద కొట్లో మా నాన్న ఎవరితోనో ధర తెగక గొడవ పడటం వినిపిస్తోంది.

తెర మీద బంతి. తెల్ల చొక్కా ఆయన సాంబారు బకెట్టుతో మా వైపుగా వస్తున్నాడు. వచ్చి ఆగాడు. బకెట్టు కింద పెట్టాడు. సూటిగా చూశాడు. కుడి అరచెయ్యి మా వైపు చాచి, నెమ్మదిగా రెండుసార్లు కిందికి అదిమాడు. కెమెరా ఆపమంటున్నాడేమో అనుకున్నాను. టీచర్ నోరు తెరవకముందే నేను చూసిన సంగతి ఇది.

ఆమె లేచి నిలబడింది. “ఆపప్పా. మిషన్ ఆపు.”

“ఏమైంది టీచర్?”

“ఆపమంటాండాడు గదా! కనపల్లేదా నీకు?”

గొంతు పెద్దది చేసే మనిషి కాదామె. నేను పద్ధతి చూడకుండా గోడ మీద మెయిన్ స్విచ్చి కట్టేశాను. ఫ్యాను మోత ఆగింది. అప్పుడు తెలిసింది వాసన. క్యాబినెట్‌లోకి వంగి చూస్తే ఎస్ఎంపీఎస్ లోంచి వచ్చే పసుపు వైరు కరిగి, హార్డ్‌డిస్కుకు వెళ్ళే వైరుకు అతుక్కుపోయి ఉంది. జాకెట్టు గుడ్డ అంచు గోధుమరంగుకు తిరిగింది.

టీచర్ నీళ్ళు తాగి చెప్పింది. “ఊరి బయట జీపుల దుమ్ము లేస్తే, మా ఆయన వాకిట్లో నిలబడి నాకు అట్లే చెయ్యి చూపించేవాడప్పా. లోపలే ఉండు, రాబాకు అని. ఆకరి రోజు గూడా అట్లే చూపించినాడు.”

అన్నీ మోసుకుని ఖాదర్ బాషా దగ్గరికి వెళ్ళాం. ఆయన నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. నా కొసరు ఎస్ఎంపీఎస్‌ను ఒక పనికిరాని బోర్డుకూ, పాత హార్డ్‌డిస్కుకూ తగిలించి ఆన్ చేశాడు. నిమిషంలోపే ఠప్‌మంది. ఆ పాత డిస్కు మళ్ళీ తిరగలేదు. నా మదర్‌బోర్డు అప్పటికే పోయింది. టీచర్ డిస్కు మాత్రం ఆయన మిషన్‌లో చక్కగా తిరిగింది. మొదట మూడు కాపీలు వేయించాను. ఆ తర్వాతే తెర మీద పెట్టమన్నాను.

బంతి వచ్చింది. తెల్ల చొక్కా ఆయన వచ్చాడు. వడ్డించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆగలేదు. బకెట్టు చేతిలోంచి దిగనే లేదు. నాలుగు నిమిషాల్లో ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాం.

కరెంటు సరిగా అందకపోతే బొమ్మ చెడుతుంది కదా అని బాషాను అడిగాను. “గీతలొస్తాయి, గళ్ళొస్తాయి. మనిషి బకెట్టు కింద పెట్టడం నేనైతే యాడా సూడలేదప్పా” అన్నాడు.

టీచర్ నాకంటే గట్టి మనిషి. “దయ్యమని మాత్రం అనబాకు. నేను ప్రార్థనలో చెప్పుకుంటా. నువ్వు కొట్లో చెప్పుకోబాకు” అంది. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు ఆమెను అడిగే రాస్తున్నాను.

ఆ ఆదివారం వాళ్ళ ఇంట్లో నా ముందే గ్రేసు ఆ డిస్కు చూసింది. ఏడవలేదు. లేచి గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, “మా, కుడికాలు నా మాదిరే పక్కకేస్తాండాడు, సూడు” అంది. ఆ మాట వినకుండా పోవాల్సినవాణ్ణి, వినగలిగాను. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియదు. బాషాకు చెప్పాను, టీచర్‌కు చెప్పాను. మూడో మనిషికి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. మేమిద్దరం చూసింది ఏమిటన్నది ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఖర్చు మాత్రం చెప్పగలను. ఈసారి టేపుతో కొలిచి తెచ్చిన క్యాబినెట్ పదిహేడు వందలు. చెయ్యి లాగేంత బరువున్న కంపెనీ ఎస్ఎంపీఎస్ రెండు వేల రెండు వందలు. మదర్‌బోర్డు మూడు వేల నాలుగు వందలు. బాషా చెప్పిన ధరకే ఇచ్చాను, బేరమాడలేదు. సీడీ సమయానికి అందక ఒక పార్టీవాళ్ళకు వెనక్కిచ్చిన అడ్వాన్సు వెయ్యి. డిస్కులు మూడు, అరవై. మొత్తం ఎనిమిది వేల మూడు వందల అరవై. టీచర్ వద్దన్నా వినకుండా ఇచ్చిన మూడు వందలు తీసుకున్నాను. కార్డు బేరంలో మిగిలిన పదమూడు వందలు కూడా తీసేస్తే, చేతి నుంచి పోయింది ఆరు వేల ఏడు వందల అరవై రూపాయలు.