పాఠంలో లేని హుసేన్‌బీ

మొన్న మా వీధి చివర మోటార్ల షాపు ముందు నుంచి వస్తుంటే వార్నిష్ వాసన గుప్పుమంది. కొత్తగా రాగితీగ చుట్టిన మోటారుకు వార్నిష్ పట్టించి వేడి చేస్తే వచ్చే వాసన అది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం సిగ్గుతో తల వంగిపోయింది. నలభై ఏళ్లుగా ఇంతే. ఆ వాసన వస్తే హుసేన్‌బీ అత్త గుర్తొస్తుంది, ఆమెతో నేను చెప్పిన అబద్ధమూ గుర్తొస్తుంది.

ఎనభైల్లో నరసరావుపేటలో మా అద్దె ఇంటికి ఎదురుగానే ఆమె కొట్టు ఉండేది. భర్త మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాక పట్టకారు ఆమె చేతికొచ్చింది. పల్లెల నుంచి బండి మీద మోటారు వేసుకొచ్చిన రైతులు ఆమెను చూసి, మెకానిక్ ఎప్పుడొస్తాడని అడిగేవారు. వస్తాడు, టీ తాగి రమ్మని చెప్పి పంపేది. వాళ్లు తిరిగొచ్చేసరికి మోటారు విప్పి ముందు పెట్టేది. నేనే మెకానిక్‌నని చెప్పొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "నమ్మిచ్చుకుంటా కూర్చుంటే పనెప్పుడు చేసేది అమ్మాయ్?" అంది. కాయిల్ కాలిపోయిందని రైతు ఎంత గట్టిగా చెప్పినా ఆమె వినేది తప్ప, విప్పి చూడందే నమ్మేది కాదు. నేనూ అలాగే ఉండాలనుకున్నాను. అనుకోవడానికేం, ఖర్చా?

టీచరు ట్రైనింగు అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మా వీధి ఆడవాళ్లకు మధ్యాహ్నాలు చదువు చెప్పేదాన్ని. అత్త కూడా వచ్చి కూర్చునేది. అందరికంటే నెమ్మది ఆమే. మిగతావాళ్లు రెండక్షరాలు చూసి తక్కినది ఊహించేసేవారు. అత్త మాత్రం నల్లబడ్డ వేలు అక్షరం కింద పెట్టి, అది నోట పలికేదాకా వేలు కదిపేది కాదు. చదువు కూడా ఆమెకు మోటారు విప్పడమే.

పలకల మీద "అరక, ఆవు" చదివి చదివి అందరికీ విసుగొచ్చింది. మన ఊళ్ల సంగతులతో నేనే పాఠాలు రాయాలనుకున్నాను. మొదటి పాఠం అత్త గురించే. ఆ ఏడు ఎగువన కురిసిన వానకు వాగు పొంగి, నకరికల్లులో ఒక రైతు మోటారు మునిగింది. చినుకు పడని మిరపతోట ఎండిపోతోంది. వాగు బురదలో బండి కదలదు, మోటారు పేటకు రాదు. అత్తే బస్సు దిగి చేను దాకా నడుచుకుంటూ వెళ్లి, చేలోనే మోటారు విప్పి, పత్తికట్టె మంట సెగకు దాన్ని తిప్పుతూ తిప్పుతూ ఆరబెట్టి, సాయంత్రానికి నీళ్లు పారించింది.

పేరు పెట్టకుండా ఈ కథ బోర్డు మీద రాశాను. ఆ రోజు అత్త పని మీద ఊరెళ్లింది. చురుగ్గా చదివే రత్తమ్మను లేపాను. "మెకానిక్ వచ్చింది. ఆమె మోటారు విప్పింది" అని నేను రాస్తే, ఆమె గడగడా "మెకానిక్ వచ్చాడు. ఆయన మోటారు విప్పాడు" అని చదివింది. మళ్లీ చదవమంటే మళ్లీ అంతే. మూడోసారి అక్షరాల కింద కర్ర పెట్టాను. అప్పుడు ఆగి, "నువ్వే తప్పు రాశావేమో చూసుకో టీచరమ్మా" అంది. రోజూ అత్త కొట్టు ముందు నుంచే నడిచొచ్చే మనిషి ఆమె.

ఎందుకలా చదివావని రత్తమ్మను అడగాల్సింది. నేను అడగలేదు. కొత్తగా చదివేవాళ్ల నాలుక తడబడకూడదనుకుని బోర్డు తుడిచి, మెకానిక్‌ను మస్తాన్ అనే మగమనిషిని చేశాను. ఇంక ఎవరూ ఎక్కడా ఆగలేదు. నాకు సంతోషమేసింది. నిజం చెప్పొద్దూ, కాపీలు తీయడానికి స్టెన్సిల్ కాగితం మీద ఆ పాఠం రాస్తుంటే నా కళ్లముందు మంట దగ్గర మీసాలాయనే కూర్చున్నాడు. అన్నీ తెలిసిన నాకే.

కాపీలు తీసి పంచిన రోజు అత్త వచ్చింది. పేజీ పూర్తిచేయడానికి ఆమెకు గంట పట్టింది. నకరికల్లు దగ్గర నవ్వింది. పత్తికట్టె దగ్గర వేలు ఆగిపోయింది. కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఈ మస్తాన్ ఎవరమ్మాయ్? మంటకాడ మోటారు ఆరబెట్టింది నేనొక్కదాన్నే అనుకున్నానే."

నేను మార్చానని చెప్పడానికి ఒక్క మాట చాలు. అందరూ చూస్తున్నారు. వేరే ఆయన అత్తా, నీకు తెలియదులే అన్నాను.

ఆమె ఆ పేరు కింద మళ్లీ వేలు పెట్టి చూసింది. అచ్చులాంటి అక్షరాలను అనుమానించడం ఆమెకు ఇంకా రాదు. "అట్టనా. చానా మంచి పనోడే," అంది.

మర్నాడు ఆ కాగితం కొట్టు గోడకెక్కింది. మెకానిక్ ఎప్పుడొస్తాడని అడిగిన రైతుల్ని అత్త కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి మస్తాన్ గొప్పతనం చదివి వినిపించేది. నేను రోడ్డుకు ఈ పక్కన నడవడం మొదలుపెట్టాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే మాచర్ల దగ్గర ఉద్యోగమొచ్చింది. వెళ్లేరోజు బస్సు దాకా వచ్చి, "ఎప్పుడన్నా ఆ మస్తాన్ కనపడితే మా కొట్టుకు పంపీమ్మా, పని మాట్టాడుకుంటాం," అంది. సరేనన్నాను. పిరికిదాన్ని.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పాను. వేలు పెట్టి చదివే టీచరని వెనక నవ్వుకునేవారు, నవ్వుకోనీ. ఇప్పటికీ పేపర్లో డ్రైవర్ అని కనపడగానే నా కళ్లు ముందుగా మగమనిషిని తెచ్చి కూర్చోబెడతాయి. తర్వాతి వాక్యంలో ఆమె అని ఉంటే వెనక్కి వెళ్లి, వేలు పెట్టి మొదటి నుంచి చదువుతాను.

మొన్న ఇంటికొచ్చి పెట్టె అడుగున దాచిన పాఠం బయటికి తీశాను. మస్తాన్ పేరు ఏడు చోట్ల ఉంది. ఏడు చోట్లా కొట్టేసి హుసేన్‌బీ అని రాసి, వచ్చాడు, విప్పాడు అన్నవాటిని వచ్చింది, విప్పింది అని దిద్దాను. వేలు పెట్టి పైకి చదివాను. ఎక్కడా తడబడలేదు. ఇంత తేలికైన పాఠాన్ని ఆమెకు ఒక్కసారి కూడా చదివి వినిపించలేకపోయాను.