తెర అవతల అత్తగారు

2014 జూన్‌లో విజయనగరంలోని ఒక ప్రైవేటు సంతాన సాఫల్య కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాను. అంతకుముందు ఇరవై ఏళ్లు స్టాఫ్ నర్సుగా వార్డుల్లో పనిచేసినదాన్ని. డాక్టరుగారు చెప్పిన చికిత్సను దంపతులకు విడమరిచి, అంగీకారపత్రం చదివి వినిపించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించడం నా పని.

దాత అండం అనగానే ముందు వచ్చే ప్రశ్న, "ఏ కులం పిల్ల?" అని. మేం చెప్పం. దాత ఎవరో దంపతులకు తెలియకూడదు. రక్తం గ్రూపు, ఎత్తు, ఒంటి రంగు మాత్రం సరిచూస్తాం. సొంత చెల్లెలు ఇస్తానన్నా ఒప్పుకోం.

ఆ ఏడాది చివర్లో పొందూరు నుంచి గౌరి, రమణ దంపతులు వచ్చారు. ముప్పై నాలుగేళ్లకే గౌరికి అండాలు దాదాపు అయిపోయాయి. దాత అండానికి రమణ సరేనన్నాడు. గౌరి ఒక్కటే షరతు పెట్టింది.

"మాయత్తకి తెలకూడదమ్మా. తెలిస్తే ఆయనకి ఇంకో పెళ్లి సేసేస్తాది."

కేస్ షీటు మీద ఎర్ర సిరాతో "అత్తగారికి చెప్పరాదు" అని రాసుకున్నాను.

సంతకాల రోజు అత్తగారు సూరమ్మ కూడా వెంట వచ్చింది. ఖద్దరు నూలు వడికే మనిషి. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. నా గదికి తలుపు లేదు, తెర ఒకటే. గొంతేమో వార్డుల్లో అరిచి అరిచి పెరిగినది. పత్రం మొదటి నుంచి చివరిదాకా గడగడా చదివేశాను. రమణ సంతకం పెడుతుండగా తెర పక్కకు జరిగింది. సూరమ్మ!

గౌరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక కులం అడుగుతుంది, రభస చేస్తుంది అనుకున్నాను.

"ఆ గుడ్డిచ్చే గుంటకి నొప్పెట్టదా, అమ్మా?" అని దాత పిల్ల గురించి నన్నడిగింది.

పది రోజులు సూదులుంటాయనీ, మత్తిచ్చి తీస్తామనీ, తర్వాత ఒకటి రెండు రోజులు కడుపు లాగవచ్చనీ చెప్పాను. అది విని సూరమ్మ కోడలి వైపు తిరిగింది.

"నాకెందుకు సెప్పనేదే? నాను వడికే పత్తి మన సేన్లో పండిందేటి? నాను వడికితే నా నూలే. నువ్వు మోస్తే నీ బిడ్డ కాదేటి? సంతకం ఎట్టు."

గౌరి ఏడుస్తూనే పెట్టింది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఆ రోజు గట్టెక్కింది సూరమ్మ మంచితనం వల్ల, నా పనితనం ఏమీ లేదు. తెర అవతల ఇంకో అత్తగారు ఉండి ఉంటే నా నోటితోనే ఒక కాపురం కూల్చేదాన్ని. ఆ వారంలోనే పట్టుబట్టి గదికి తలుపు పెట్టించాను. రిటైరయ్యేదాకా ఆ తలుపు మూయకుండా ఏ అంగీకారపత్రమూ చదవలేదు.