గుమ్మం బయట దగ్గు

మా కంప్యూటర్ మాస్టారు ఎవరింటికెళ్లినా, తలుపు బార్లా తీసున్నా సరే, గుమ్మం బయటే నిలబడి రెండుసార్లు దగ్గేవారు. లోపల్నుంచి పిలిచేదాకా అడుగు పెట్టేవారు కాదు. మాకది నవ్వులాటగా ఉండేది.

ఆయనది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. గాలి, అలల కబురు చెప్పడానికి సొంతంగా చిన్న వెబ్‌సైట్ నడిపేవారు. మా తీరంలో అది ఫోన్లో చూశాకే పడవ నీళ్లలోకి తోసేవారు. నేను శ్రీకాకుళంలో వాతావరణం చెప్పే యాప్ తయారుచేస్తూ, ఆయన్ని అడక్కుండా, ఆ పేజీని సెకనుకి పదిసార్లు తోడుకొచ్చే ప్రోగ్రాం రాసి వదిలేశాను. అలాంటి ప్రోగ్రాముల కోసమే సైట్లో ఒక ఫైలు పెట్టి అందులో ఆయన రాశారు: "గంటకొకసారి రండి. ఎక్కువ కావాలంటే ఫోన్ చెయ్యండి." నేనది తెరిచి కూడా చూడలేదు.

ఒకరోజు తెల్లారగట్ల నా ప్రోగ్రాం తాకిడికి సైట్ పడిపోయింది. వేటకెళ్లొద్దన్న హెచ్చరిక ఎవరి ఫోన్లోనూ తెరుచుకోలేదు. సిగ్నల్ లేదనుకుని ఒక పడవ వెళ్లింది. తిరిగి రాలేదు. అందులో మాస్టారి బావమరిది ఉన్నాడు.

దినం అయ్యాక ఆయన మా ఇంటికొచ్చారు. సైట్‌కి ఎవరెన్నిసార్లు వచ్చారో సర్వర్లో చూసుకునే వచ్చారు. తలుపు తీసే ఉంది. బయట నిలబడి రెండుసార్లు దగ్గారు.

"అడిగితే నీకు యేరే దారి ఎట్టీవోడిని కదరా," అన్నారు అక్కణ్నుంచే. "ఇప్పుడెట్టినాను. ఇకనించి అలాగ రా."

ఆ దారికి తాళంచెవిలాంటి ఏపీఐ కీ రాసిన కాగితం గుమ్మం మీద పెట్టారు. నా పిలుపు కోసం చూశారు. నేను పిలవలేదు. ఆయన లోపలికి రాలేదు.